మలినం ఉంటేనే పనిచేసే స్ఫటికం

ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లు చొక్కాకు తగిలించుకునే బ్యాడ్జిలో బ్యాటరీ ఉండదు, తీగ ఉండదు. మూడు నెలల్లో ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో దానికెలా గుర్తుంటుందని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మన దేశపు బ్యాడ్జిల్లో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ వాడతారు. బయట చాలాచోట్ల వాడేది లిథియం ఫ్లోరైడ్. సూత్రం రెండింటికీ ఒకటే అయినా, నాకు ఇష్టమైన కథ ఫ్లోరైడ్‌దే.

లిథియం ఫ్లోరైడ్‌లో లిథియం, ఫ్లోరిన్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయి. రేడియేషన్ తగిలి ఎక్కడైనా ఒక ఫ్లోరిన్ అయాను తన చోటు వదిలితే ఆ ఖాళీకి ధనావేశం వస్తుంది. అటుగా వచ్చిన ఎలక్ట్రాను అందులో చిక్కుకుంటుంది. జర్మనీలోని గోటింగెన్‌లో రాబర్ట్ పోల్ బృందం ఏళ్ల తరబడి పరిశీలించిన రంగు కేంద్రం ఇదే. ఖాళీ ఎంత ఇరుకైతే, లోపలి ఎలక్ట్రానును కదిలించడానికి అంత ఎక్కువ శక్తి కావాలి. పొటాషియం క్లోరైడ్‌లో చోటు ఎక్కువ కాబట్టి స్ఫటికం ఊదారంగుకు తిరుగుతుంది. మామూలు ఉప్పు పసుపు అవుతుంది. లిథియం ఫ్లోరైడ్‌లో చోటు మరీ ఇరుకు. అది పీల్చుకునేది 250 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతిని. మన కంటికి అది కనపడదు కనుక స్ఫటికం తెల్లగానే ఉన్నట్టుంటుంది. రేడియేషన్ బాగా ఎక్కువైతే పక్కపక్క ఖాళీలు జంటలై నీలికాంతిని పీల్చుకుంటాయి. అప్పుడు పసుపుదనం వస్తుంది.

రంగు మారడమే కాదు, ఇలా చిక్కిన ఎలక్ట్రాన్లు వేడికి బయటపడితే వెలుగు కూడా రావచ్చు. ఫ్లోరైట్ రాయిని వేడిచేస్తే వెలుగుతుందని, వెలుగు అయిపోయాక రేడియం దగ్గర ఉంచితే ఆ గుణం తిరిగి వస్తుందని మేరీ క్యూరీ తన పరిశోధన గ్రంథంలోనే రాశారు. దాన్ని కొలమానంగా మార్చింది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫారింగ్టన్ డేనియల్స్ బృందం. 1950ల మొదట్లో లిథియం ఫ్లోరైడ్ స్ఫటికాలను అణుపరీక్షల దగ్గర ఉంచారు. రేడియో అయోడిన్ చికిత్స పొందుతున్న క్యాన్సర్ రోగులు వాటిని మింగారు కూడా. తర్వాత బయటికొచ్చిన స్ఫటికాన్ని వేడిచేసి, లోపల ఎంత మోతాదు తగిలిందో లెక్కకట్టారు!

అయితే ఆ తర్వాత తయారైన స్ఫటికాలు మునుపటిలా వెలగలేదు. పని ఆగిపోయింది. 1960లలో అదే విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కామెరాన్, స్ఫటికాలు తయారుచేసే హార్షా కంపెనీతో కలిసి కారణం వెతికారు. మొదటి స్ఫటికాలను వెలిగించింది లిథియం ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. తెలియకుండా అందులో చేరిన మెగ్నీషియం, టైటానియం కూడా! పది లక్షల్లో సుమారు రెండు వందల వంతులు మెగ్నీషియం, పది వంతులు టైటానియం, అంతే.

మెగ్నీషియం అయానుకు రెండు ధనావేశాలు. అది లిథియం స్థానంలో కూర్చుంటే లెక్క సరిపోవడానికి దగ్గర్లోనే ఒక లిథియం చోటు ఖాళీ కావాలి. ఇలాంటి జంటలు మూడేసి చేరినచోట ఎలక్ట్రాన్లకు మంచి ఉచ్చు తయారవుతుంది. రేడియేషన్ విడగొట్టిన ఎలక్ట్రాను అందులో పడితే, గది వేడిలో ఏళ్ల తరబడి దాదాపు అక్కడే ఉంటుంది. సుమారు 200 డిగ్రీలకు వేడెక్కిస్తే బయటపడి, ఎలక్ట్రాను విడిపోయినప్పుడు మిగిలిన ధనావేశ రంధ్రాన్ని టైటానియం దగ్గర కలుసుకుంటుంది, నీలి వెలుగు విడుదలవుతుంది. ఎంత వెలుగో అంత మోతాదు.

వాడిన స్ఫటికాన్ని మళ్లీ సిద్ధం చేసే పద్ధతి నాకు ఇంకా ఇష్టం. 400 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే పాత ఎలక్ట్రాన్లన్నీ వెళ్లిపోతాయి, మెగ్నీషియం జంటలు చెల్లాచెదురవుతాయి. తర్వాత 80 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచాలి. గోరువెచ్చని పాలు నెమ్మదిగా తోడుకున్నట్టు, జంటలు మళ్లీ కూడుకునేది అప్పుడే. ఈ ఓపిక లేకపోతే త్వరగా కారిపోయే లోతులేని ఉచ్చులు మిగిలి కొలత తప్పుతుంది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. లిథియం-6 ఎక్కువగా ఉన్న స్ఫటికం న్యూట్రాన్లను పట్టుకుంటుంది, లిథియం-7 స్ఫటికం వాటిని దాదాపు పట్టించుకోదు. రెండూ పక్కపక్కన పెడితే తేడా న్యూట్రాన్లదే. జపాన్‌లో మెగ్నీషియానికి రాగి, ఫాస్ఫరస్ జోడించి ఎన్నో రెట్లు సున్నితమైన రకం చేశారు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో అసలు వేడే అక్కర్లేని పద్ధతి వచ్చింది. పసుపు రంగు తెచ్చిన ఆ జంట ఖాళీలపై నీలికాంతి వేస్తే అవి ఎరుపు వెలుగునిస్తాయి. వెలుగు చూసినంత మాత్రాన చెరిగిపోవు కూడా. స్ఫటికంలోంచి దూసుకుపోయిన ఒక్కొక్క కణం జాడనూ సూక్ష్మదర్శినిలో మళ్లీ మళ్లీ చూడొచ్చు.