అటక మీది డబ్బా

పిల్లల చేతికి అందకూడదని పురుగుమందు డబ్బాను అటక మీద దాచేదాన్ని. మందు అప్పుగా ఇచ్చేవాళ్లు. పత్తి అమ్మాక వడ్డీతో సహా కట్టాలి. కొట్టొచ్చిన రోజు మావారు తల తిరుగుతోందని అన్నం ముట్టేవారు కాదు. ఆ బట్టలు ఉతికితే నా చేతులు మండేవి. అయినా, ‘మందు లేకుండా పత్తి పండుతుందా?’ అన్నది నేనే!

నాటి ఖమ్మం జిల్లా పునుకుల గురించి విన్నాక ఆలోచనలో పడ్డాను. పత్తి, మిర్చి పండించే ఆ ఊరు 2004 నాటికి పురుగుమందులు మానేసింది. ముందు నిలబడింది మహిళా సంఘాలే. వేపగింజల పొడి పట్టడం అక్కడి ఆడవాళ్లకు ఉపాధి కూడా అయింది.

మేమూ ఒక్క ఎకరంతో మొదలుపెట్టాం. రాలిన వేపపళ్లు ఏరి, గింజలు కడిగి నీడన ఆరబెట్టాను. పొట్టు తీసిన పప్పు 5 కిలోలు దంచి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు గుడ్డలో వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి వేసి, మొత్తం 100 లీటర్లు చేసి సాయంత్రంపూట కొట్టాలి. నిలవ ఉంచితే పనిచేయదు.

పురుగు వెంటనే చావదు. చేదెక్కిన ఆకు తినలేక నీరసిస్తుంది. ‘చూశావా, కదులుతూనే ఉంది’ అని మావారు దెప్పారు కూడా. నిజం చెప్పాలంటే ఆ ఏడాది దిగుబడి కాస్త తగ్గింది. కానీ మందుల కొట్లో బాకీ లేదు.

ఇంకో మాట. ఇంట్లో మాటామాటా పెరిగిన రాత్రి నా చూపు ముందు అటక మీదికే పోయేది. మా వీధిలో అలాంటి డబ్బా ఒక ప్రాణం తీసింది మరి. ఇప్పుడక్కడ కంది విత్తనాల కుండ ఉంది. నాకు నిద్ర పడుతోంది.