ఊసవానిపేట ఉక్కు పిల్ల – కరణం మల్లేశ్వరి

పిల్లలూ, ఒక చిన్న లెక్క! మన ఇంటికొచ్చే 25 కిలోల బియ్యం బస్తాలు ఐదు పేర్చి, పైన ఇంకో ఐదు కిలోలు వేస్తే ఎంత? 130 కిలోలు. అంత బరువును ఒక తెలుగు ఆడపడుచు నేలమీద నుంచి లేపి, తలపైకెత్తి నిలబెట్టింది. ఆమే మన కరణం మల్లేశ్వరి. కువైట్‌లోని మన శ్రీకాకుళం మిత్రులు ఆ పేరు వింటే ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటారు.

మల్లేశ్వరి 1975 జూన్ 1న పుట్టారు. పెరిగింది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో. తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. అక్క నరసమ్మ బరువులెత్తడం చూసి తనూ గురువు నీలంశెట్టి అప్పన్న దగ్గరికి వెళ్లారు. బక్కపలచగా ఉందని ఆయన మొదట చేర్చుకోలేదట! అమ్మ శ్యామల మాత్రం, నువ్వు చేయగలవని వెన్ను తట్టారు. ఆ పట్టుదల చూసి తర్వాత ఆ గురువుగారే ఓనమాలు దిద్దించారు. 1990లో అక్కతోపాటు శిక్షణ శిబిరానికి వెళ్లిన ఈ అమ్మాయిలోని సత్తాను మాజీ ఒలింపిక్ విజేత లియొనిద్ తరనెంకో గుర్తించారు. ఆ తర్వాత 1994, 1995లలో వరసగా రెండుసార్లు 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత!

రెండున్నర కిలోల దూరం

మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కింది 2000లో, సిడ్నీలో. సెప్టెంబర్ 19న 69 కిలోల విభాగంలో మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. ఇంకో ప్రయత్నం మిగిలింది. బంగారం కోసం 137.5 కిలోలు పెట్టించారు. ఆ బరువు నిలవలేదు. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. తేడా రెండున్నర కిలోలే!

అయినా ఆ కాంస్యం మామూలు పతకం కాదు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన మల్లేశ్వరి. బిడ్డ తల్లి అయ్యాక కూడా బరిలోకి దిగి, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తర్వాత ఆట నుంచి విరమించారు.

ఇప్పుడామె గురువు

వెయిట్‌లిఫ్టర్ రాజేశ్ త్యాగిని 1997లో పెళ్లాడి హర్యానాకు కోడలిగా వెళ్లిన మల్లేశ్వరి, యమునానగర్‌లో పిల్లల కోసం వెయిట్‌లిఫ్టింగ్ శిక్షణ కేంద్రం పెట్టారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు. అదే ఏడాది టోక్యోలో మీరాబాయి చాను రజతం గెలిచారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మన దేశానికి మరో ఒలింపిక్ పతకం రావడానికి 21 ఏళ్లు పట్టిందన్నమాట. ప్రతిభ లేకనా? కాదు. ఊరూరా ఇనుప కడ్డీ చేతికిచ్చి, నడుం ఎలా వంచాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో చెప్పే గురువులు ఎంతమంది ఉన్నారు? పోటీలో ఏ బరువు అడగాలో నిమిషాల్లో తేల్చుకోవాలి. ఆ లెక్క తప్పితే నాలుగేళ్ల శ్రమ పోతుంది. సిడ్నీ వేదికమీద ఆ బరువును స్వయంగా మోసిన మనిషి శిక్షణకు పూనుకోవడం అందుకే విలువైనది.

అమ్మానాన్నలకు ఒక్క మాట. ఇక్కడ ఎండాకాలం, ఫ్లాటు గోడలు, ట్యూషన్ల మధ్య పిల్లల ఆట చివరి వరసలోకి పోతుంది. ముఖ్యంగా ఆడపిల్లల ఆట. శుక్రవారం పొద్దున్నే ఒక గంట మీ అమ్మాయిని మైదానానికో, ఇండోర్ కోర్టుకో తీసుకెళ్లండి. ‘మా పిల్ల బక్కపలచన, దానికి ఆటలెందుకు’ అనకండి. ఊసవానిపేట పిల్లను చూసి మొదట అందరూ అలాగే అనుకున్నారు, వాళ్లమ్మ తప్ప!