తోకను వెనక్కి జరిపిన విమానం

బెంగళూరులో విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ రూపొందించిన శిక్షణ జెట్ హెచ్‌జేటీ-36 సితార 2003 మార్చి 7న తొలిసారి ఎగిరింది. పాతబడుతున్న కిరణ్ విమానాల స్థానంలో వాయుసేన విద్యార్థుల చేతికి రావలసిన విమానం అది. ఎగరడం బాగానే ఎగిరింది. చిక్కు స్పిన్ దగ్గర వచ్చింది.

వేగం తగ్గి, ముక్కు మరీ పైకి లేస్తే రెక్క మీద సాఫీగా సాగాల్సిన గాలి చెదిరిపోతుంది. అదే స్టాల్. ఒక రెక్క రెండోదానికన్నా ఎక్కువగా పట్టు కోల్పోతే విమానం అటు వాలి, గిరగిరా తిరుగుతూ కిందికి దిగిపోతుంది. దీన్నే స్పిన్ అంటారు. చాలా విమానాల్లో దీని నుంచి బయటపడే మార్గం ఒకటే: తిరుగుతున్న దిక్కుకు ఎదురు పెడల్‌ను పూర్తిగా తొక్కి, స్టిక్‌ను ముందుకు నెట్టాలి. ఆ పెడల్ కదిలించేది నిలువు తోక వెనక ఉండే రడ్డర్‌ను. కానీ స్పిన్‌లో గాలి కిందినుంచి వచ్చి తగులుతుంది. అడ్డ తోక ఆ గాలిని ఆపేస్తే, దాని మరుగున పడ్డ రడ్డర్‌కు బలం చాలదు. పైలట్ ఎంత గట్టిగా తొక్కినా విమానం మాట వినదు. అందుకే ఏ తోక ఎక్కడ ఉండాలన్నది ప్రాణాలకు సంబంధించిన లెక్క.

2016 నాటి పరీక్షల్లో సితారను ఇంకా దిద్దాలని తేలింది. ఇంజనీర్లు విండ్ టన్నెల్‌లో నమూనాలను పరీక్షించి, నిలువు తోకను వెనక్కి జరిపారు, రడ్డర్‌ను పెద్దది చేశారు. తోక వెనక్కి వెళ్లేకొద్దీ అదే రడ్డర్ విమానాన్ని మరింత బలంగా తిప్పగలదు. మార్చిన విమానం 2019 ఏప్రిల్‌లో ఎగిరింది. 2020 నవంబరులో, ఆపదలో ఆదుకునే పారాచూట్‌ను అమర్చుకుని, స్పిన్ పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి.

రడ్డర్‌కు బలం ఒక్కటే ఉంటే సరిపోదు. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో ఒక ఎయిర్‌బస్ ఏ300-600, ముందు వెళ్లిన విమానం రేపిన గాలి సుడిలో కుదుపుకు లోనైంది. కోపైలట్ పెడళ్లను అటూ ఇటూ బలంగా తొక్కడంతో నిలువు తోకే ఊడిపోయింది; 265 మంది చనిపోయారు. ఆ వేగంలో పెడల్ అంగుళం పైచిలుకు కదిలితే చాలు, రడ్డర్ తిరగగలిగినంతా తిరిగిపోతుంది. దర్యాప్తు సంస్థ కోపైలట్ తొక్కిన తీరును ప్రధాన కారణమంటూనే, రడ్డర్ వ్యవస్థ లక్షణాలకూ, ఆయన పొందిన శిక్షణకూ అందులో వాటా ఉందని తేల్చింది.

సితార పేరు 2025లో యశస్‌గా మారింది. దాని ఆలస్యానికి ఇంజిన్ మార్పు సహా చాలా కారణాలున్నాయి, వాటిని విమర్శించవచ్చు. తోకను దిద్దడానికి పట్టిన ఏళ్లను మాత్రం ఆ ఖాతాలో రాయకూడదు. ఒంటరిగా ఎగిరే విద్యార్థి తొక్కిన పెడల్ పనిచేస్తుందని రుజువయ్యేదాకా ఏ విమానాన్నీ శిక్షణకు ఇవ్వకూడదు.