బొమ్మ చిన్నదైనా అక్షరం చెడకూడదు

కర్నూలు, కడప సీమలో పొలానికి సంబంధించిన ఏ పనికైనా అడంగల్, 1-బి వివరాలు కావలెను. పూర్వం వీటి కోసం కరణం ఇంటికి పోవలసి వచ్చేది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మీభూమి’ వెబ్‌సైటును ప్రారంభించిన తరువాత, సర్వే నంబరు కొట్టి వీటిని తెరమీదనే చూచుకొనుటకు వీలు కలిగినది.

చూచినదానిని ఇంకొకరికి చూపవలసి వచ్చినప్పుడు చాలామంది తెరను ఉన్నది ఉన్నట్లుగా బొమ్మ పట్టి పంపుతారు. దీనినే స్క్రీన్‌షాట్ అంటారు. ఆదోనిలో ఉన్న తమ్ముడు ప్రొద్దుటూరులో ఉన్న అన్నకు అటువంటి బొమ్మ ఒకటి పంపినాడనుకొందాము. బొమ్మ చేరుతుంది. గడులు, గీతలు కనబడతాయి. కాని విస్తీర్ణం గడిలో ఉన్నది 2.35 ఎకరాలా, 2.85 ఎకరాలా అన్నది తేలదు. ఆ రెంటికీ తేడా అర ఎకరం. మెట్ట సేద్యం మీద బ్రతికే సంసారానికి ఇది చిన్న సంగతి కాదు.

తమ్ముడు చూచినప్పుడు స్పష్టంగా ఉన్న అంకె అన్న చేతికి వచ్చేసరికి ఎందుకు అలుక్కుపోయినది?

తెరమీది బొమ్మ అంతా చిన్న చిన్న చదరపు చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. ఒక్కొక్క పిక్సెల్‌కు ఒకే రంగు. మగ్గం మీద నేసిన అంచులో పువ్వు పోగుల లెక్కతో ఏర్పడినట్లే, తెరమీద అక్షరం పిక్సెళ్ల లెక్కతో ఏర్పడుతుంది. సామాన్యంగా కంప్యూటరు తెర అడ్డంగా 1,920, నిలువుగా 1,080 పిక్సెళ్లు కలిగి ఉంటుంది. అనగా మొత్తం 20,73,600. ఈ బొమ్మను ప్రతి వైపు నాల్గవ వంతుకు కుదించితే 480, 270 అవుతాయి. మొత్తం 1,29,600. పదహారు పిక్సెళ్లు ఉన్న చోట ఒక్కటి మిగులుతుంది. తక్కిన పదిహేను మోసిన సమాచారాన్ని ఆ ఒక్కటే మోయవలెను.

అక్షరానికి కనీసం ఎన్ని పిక్సెళ్లు కావలెనో లెక్క కట్టవచ్చును. ఇంగ్లీషు పెద్దబడి ‘ఈ’ అక్షరంలో మూడు అడ్డగీతలు, వాటి నడుమ రెండు ఖాళీలు ఉన్నవి. ప్రతి గీతకు, ప్రతి ఖాళీకి ఒక్కొక్క వరుస వేసినా ఐదు వరుసలు తప్పవు. తెలుగులో ‘ద్ది’ని చూడండి. పైన గుడి, దాని క్రింద ఖాళీ. తరువాత అక్షరం ఒడలికి గీత, ఖాళీ, గీత. మరల ఒక ఖాళీ. అడుగున వత్తుకు మూడు. మొత్తం తొమ్మిది వరుసలు. ఇంతకు తగ్గితే ఏ ఉపాయం చేసినా అక్షరం నిలువదు. 16 వరుసల ఎత్తున్న అక్షరాన్ని నాల్గవ వంతుకు కుదించితే మిగిలేవి 4 వరుసలే. ద-ధ, డ-ఢ, ప-ఫ జంటలను వేరు చేసేది అడుగునున్న చిన్న గీత. ర-ఠ లను వేరు చేసేది లోపలి చుక్క. ముందుగా మాసిపోయేవి ఇవే.

కుదించే పద్ధతులన్నీ ఒకే విధమైనవి కావు. అన్నిటికంటె మోటు పద్ధతి, పదహారింటిలో ఒక పిక్సెల్‌ను ఏరుకొని తక్కినవి పారవేయుట. దశాంశపు చుక్క రెండు పిక్సెళ్ల వెడల్పు, రెండు పిక్సెళ్ల ఎత్తు కలదనుకొంటే, అది నిలిచే అవకాశం నాలుగింట ఒకటే. చుక్క ఎగిరిపోతే 2.35 కాస్తా 235 అవుతుంది.

రెండవ పద్ధతి సగటు కట్టుట. పదహారు పిక్సెళ్ల నలుపు తెలుపులను కలిపి మధ్యరకపు రంగు వేస్తారు. చుక్క మొత్తం ఒకే గడిలో పడితే అక్కడ నాల్గవ వంతు నలుపు మిగులుతుంది, చూపుకు అందుతుంది. అదే చుక్క నాలుగు గడుల కూడలిలో పడితే ఒక్కొక్క గడికి పదహారవ వంతు నలుపే దక్కుతుంది. కంటికి దాదాపు తెలుపే.

మూడవది హంగేరీ గణితవేత్త కార్నీలియస్ లాంజోస్ పేర పిలువబడే పద్ధతి. ఇందులో చుట్టుపట్ల పిక్సెళ్లకు దూరాన్ని బట్టి వేర్వేరు తూకాలు ఇస్తారు. కొన్నిటికి రుణ సంఖ్యల తూకం కూడా ఉంటుంది. అందుచేత గీతల అంచులు పదునుగా నిలుస్తాయి. అక్షరాలున్న బొమ్మకు ఈ మూడింటిలో ఇది మేలు. అయితే ఇదైనా తొమ్మిది వరుసల హద్దును దాటజాలదు.

కుదింపుతో పాటు రెండవ శత్రువు ఒకటి ఉన్నది. ఫోటోలను దాచుటకు వాడే జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చినది. దానికి ఆధారమైన గణితాన్ని 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రకటించినారు. ఈ పద్ధతి బొమ్మను 8 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి, కన్ను అంతగా గుర్తించని సూక్ష్మ వివరాలను తగ్గించివేస్తుంది. కొండకో, చేనుకో తీసిన ఫోటోలో ఈ లోపం తెలియదు. కాని అక్షరమంటేనే సూక్ష్మ వివరం. అందువల్ల అక్షరాల చుట్టూ మసక తేలుతుంది. 1996లో వెలువడిన పి.ఎన్.జి. పద్ధతి ఒక్క పిక్సెల్‌ను కూడా మార్చదు. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను తనంతట తానే కుదిస్తుంది. దానినే డాక్యుమెంట్‌గా పంపితే మార్పు లేకుండా చేరుతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించవలెను. చిన్నదిగా చూపుట వేరు, చిన్నదిగా చేయుట వేరు. పూర్తి బొమ్మను ఫోను తెరమీద చిన్నదిగా చూపినా, రెండు వేళ్లతో సాగదీస్తే అంకెలు మరల కనబడతాయి. బొమ్మనే కుదించి దాచితే ఎంత సాగదీసినా మసకే పెద్దదవుతుంది. పోయిన పిక్సెల్ తిరిగి రాదు. కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించినారు. అటువంటి శాసనాలకు తడి కాగితం ఒత్తి, సిరా అద్ది అచ్చు తీస్తారు. పుస్తకంలో చిన్న బొమ్మ ముద్రించినప్పుడు ఎన్నవ వంతుకు తగ్గించినదీ క్రింద తెలిపి, అసలు అచ్చును భద్రపరుస్తారు. తెరమీది బొమ్మకు కూడా ఈ మర్యాదే తగినది.

అయితే చేయవలసినదేమి? మొదట కుదించుటకు బదులు కత్తిరించవలెను. కావలసిన నాలుగు గడుల కోసం తెర మొత్తాన్ని పంపనక్కరలేదు. అడంగల్ పట్టిక చాల వెడల్పు. దానిని రెండు మూడు ముక్కలుగా పట్టి, ప్రతి ముక్కలోను సర్వే నంబరు గడి ఉండేటట్లు చూడవలెను. రెండవది, బొమ్మ పట్టుటకు ముందే బ్రౌజరులో అక్షరాల పరిమాణాన్ని 150 లేక 200 శాతానికి పెంచవలెను. అప్పుడు అక్షరం ఎక్కువ పిక్సెళ్లతో పుడుతుంది; సగానికి కుదించినా నిలుస్తుంది. మూడవది, కుదించక తప్పనిచో అసలు బొమ్మ నుంచి ఒక్కసారే కుదించవలెను. కుదించినదానిని మరల కుదించితే నష్టం మీద నష్టం. నాల్గవది, పి.ఎన్.జి.గా దాచవలెను. చివరగా, పంపుటకు ముందు ఆ బొమ్మలో అన్నిటికంటె చిన్న గుర్తును వెదకి చూడవలెను. అది దశాంశపు చుక్క కావచ్చును, ‘ధ’ క్రింది గీత కావచ్చును. అది కనబడితే తక్కినవన్నీ కనబడతాయి.

వీలున్న చోట బొమ్మతో పాటు సర్వే నంబరును, విస్తీర్ణాన్ని ఒక వరుసగా టైపు చేసి పంపుట ఇంకను శ్రేష్ఠం. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు లిపికి చోటు దక్కినది. అట్లు టైపు చేసిన అక్షరం పిక్సెళ్ల బొమ్మగా గాక సంకేత సంఖ్యగా ప్రయాణం చేస్తుంది. ఏ తెరను చేరినా అక్కడికి తగిన పరిమాణంలో కొత్తగా రూపు దాల్చుతుంది. ప్రొద్దుటూరులోని అన్నకు అప్పుడు ఆ అంకె 2.35గానే చేరుతుంది.