పాత్రలో రచయిత ఎంత?

"ఇది నీ కథేనా?"

దళితుడు కథ రాస్తే సభల్లో, క్లాసుల్లో ముందుగా వచ్చే ప్రశ్న ఇది. నేను రాసిన ఒక కథలో ఓ తల్లి దొర ఇంట్లో మిగిలిన బువ్వను గిన్నెలో పెట్టుకొని, కొంగు కప్పి తెస్తుంది. సభ అయిపోయాక ఒక పెద్దమనిషి భుజం మీద చెయ్యేసి "మీ ఇంట్లో జరిగిందేనా?" అన్నాడు. జాలితోనే అడిగాడు, కాదనను. అదే సభలో చదివిన ఒక అగ్రకుల రచయిత కథలో మొగుడు పెళ్లాన్ని కొడతాడు. ఆయన్ని మాత్రం ఎవరూ "మీరు కొడతారా?" అని అడగలేదు. ఆయన కథకు శిల్ప చర్చ జరిగింది. నాది వాంగ్మూలమైంది.

రచయిత తన పాత్రల్లో ఎంత బయటపడతాడన్న ప్రశ్న పనికిరానిదేం కాదు. అడిగే చోటే తప్పు. కథలో జరిగింది, రచయిత బతుకులో జరిగింది పక్కపక్కన పెట్టి చూస్తే దొరికేది చాలా తక్కువ. పాత్రకు రచయిత ఏ మాట ఇచ్చాడు, ఎంతవరకు పోనిచ్చాడు, ఎవర్ని ఏమని పిలిచాడు? వీటిలో చూస్తే మనిషి దొరుకుతాడు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'నే తీసుకుందాం. ఉన్నవ సవర్ణుడు, బారిస్టరు. జాతీయోద్యమంలో జైలుకు పోయి అక్కడ రాసిన నవల ఇది. 1922లో వచ్చింది, ప్రభుత్వం నిషేధించింది. ఇందులోని రామదాసు మాలదాసరి. పైకి చూస్తే ఇద్దరి బతుకులకూ పోలికే లేదు. అయినా రామదాసు నోట వచ్చే వేదాంతం, ఎన్ని దెబ్బలు తగిలినా చెదరని ఆ ఓర్పు ఎవరివి? కూలి జనం పక్షాన నిలిచిన కొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో చస్తాడు. ఇంకో కొడుకు వెంకటదాసు ఉన్నవాళ్లను దోచే దారి పడతాడు. రచయిత ఈ తిరగబడ్డ కొడుకును రాయకుండా ఉండలేకపోయాడు. కానీ పెద్దపీట తండ్రికే వేశాడు. రష్యా విప్లవం వైపు ఆశగా చూసిన ఉన్నవ, గాంధీ బాటన జైలుకు పోయిన ఉన్నవ ఇద్దరూ ఈ మాల ఇంట్లోనే కాపురమున్నారు. మాలల బతుకు తెలుసుకోవాలని ఈ నవల చదివేవాళ్లు ముందు ఉన్నవను చదువుతున్నామని గుర్తుంచుకోవాలి. గ్రాంథికం రాజ్యమేలుతున్న రోజుల్లో జనం మాటను నవలకెక్కించిన గౌరవం ఆయనకు ఎట్లాగూ ఉంటుంది. దాన్ని తీసెయ్యమని నేను చెప్పడం లేదు.

ఇప్పుడు 1997లో వచ్చిన నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' చూడండి. ఊరు తిట్టుగా వాడే పేరును అట్టమీదికి ఎక్కించాడు. అందులో ఒక కథ పేరు 'నడిమింటి బోడెక్క బసివిరాలైపాయ'. ఈ పేరు చాలు, మాట్లాడేది ఎవరో తెలియడానికి. దేవుడి పేరున వదిలేసిన ఆడపిల్లను ఇంటిగుర్తుతో, అక్క వరసతో పిలిచే గొంతు అది. సర్వేకొచ్చినవాడికి ఆ పిలుపు రాదు. బోడెక్క నిజంగా ఉందా, రచయితకు ఏమవుతుంది అని ఆరా తీయాల్సిన పనిలేదు. సుందర్రాజు ఎవరో ఆ వరసే చెప్పేసింది.

అయితే ఇందులో మనకొక చిక్కుంది. మనం రాసినప్పుడు మనం ఒక్కరమే బయటపడం, వాడంతా బయటపడుతుంది. తమిళంలో బామ 1992లో 'కరుక్కు' రాసింది. అది నవల కాదు, స్వీయకథ. అందులోనూ తన పేరు, ఊరి పేరు దాచింది. అయినా ఊరివాళ్లు తమను గుర్తుపట్టారు. కోపమొచ్చి కొన్ని నెలలు ఆమెను ఊళ్లోకి రానివ్వలేదు. తర్వాత్తర్వాత అర్థం చేసుకున్నారనుకోండి. కానీ ఆ కోపం అన్యాయమైందని నేననలేను. పేర్లు మార్చినంత మాత్రాన చదువుకోని మనిషి పరువు దాగదు. అచ్చులో వచ్చినదానికి జవాబు రాయగలిగే వీలు కూడా వాళ్లకు లేదు.

నా కథను అమ్మకు చదివి వినిపించాను. అక్షరం రాని మనిషి, కన్ను ఆర్పకుండా విన్నది.

"బువ్వ తెచ్చింది నేను గాదు బిడ్డా, మీ చిన్నమ్మ. నేనైతే అడగకపోదును" అన్నది. కాసేపాగి, "దానికి మాత్రం సదివి ఇనిపియ్యకు" అన్నది.

కథ అచ్చయింది. చిన్నమ్మ దగ్గరికి పోయినప్పుడల్లా పత్రిక సంచిలోనే ఉంటున్నది.