పాలకీ నెట్‌కీ ఏం సంబంధం?

మా పిన్ని మైక్రోవేవ్ ఓవెన్‌లో పాలు పెట్టినప్పుడల్లా, డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్‌లో నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోతాడు. ఒకటిన్నర నిమిషానికి ఓవెన్ టింగుమంటుంది, వాడు కదులుతాడు. నెట్ కుర్రాడు రెండుసార్లు వచ్చి బాక్సు మార్చి వెళ్లాడు. మూడోసారి ఫోన్లోనే ‘‘ఒకసారి ఆపి వేయండమ్మా’’ అన్నాడు. మొన్న నేను వెళ్తే పిన్ని నిలదీసింది: ‘‘పాలకీ నెట్‌కీ ఏం సంబంధంరా?’’

సంబంధం కాదు, బంధుత్వమే ఉంది. 1947లో అట్లాంటిక్ సిటీలో సమావేశమైన ప్రపంచ దేశాల టెలికం ప్రతినిధులు రేడియో తరంగాలను పొలాల్లా వాటాలు వేశారు. ఓడలకింత, విమానాలకింత, ప్రసారాలకింత. 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ముక్కను మాత్రం వేడి పుట్టించే యంత్రాల్లాంటి వాటికి వదిలేశారు. మైక్రోవేవ్ ఓవెన్లు అక్కడే కాపురం పెట్టాయి. ఆ రొదలో కూర్చుని మాట్లాడాలని ఎవరికి ఉంటుంది? టెలికం కంపెనీల దృష్టిలో అది ఊరవతల చెత్తదిబ్బ.

1985లో అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ దిబ్బను జనానికి వదిలింది. అందుకు పట్టుబట్టినవాడు అక్కడి ఇంజనీరు మైఖేల్ మార్కస్. తక్కువ శక్తితో, సంకేతాన్ని ఒకేచోట కుప్పపోయకుండా పలచగా పరిచి పంపేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదన్నారు. కానీ ఒక షరతు: పక్కవాడి రొద ఎంత తగిలినా కిక్కురుమనకూడదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కి లైసెన్సు తీసేసింది 2005లో. రూటర్ వెదజల్లే శక్తి వాటులో పదోవంతు. ఓవెన్ లోపల తిరిగేది ఏడెనిమిది వందల వాట్లు. తలుపు సందుల్లోంచి మనకు హాని చేయనంత లవలేశం జారినా, రూటర్ గొంతు మునిగిపోవడానికి అది చాలు. పిన్ని ఫిర్యాదు 1985 నాటి షరతు ప్రకారం చెల్లదు.

ఈ ఊరికే వచ్చిన జాగాలోకి ముందుగా దిగినవాళ్లలో గల్లాపెట్టెల కంపెనీ ఒకటుంది. ఎన్‌సీఆర్ అమ్మే బిల్లింగ్ యంత్రాలను దుకాణం సర్దినప్పుడల్లా అటూ ఇటూ జరపాలి, జరిపినప్పుడల్లా నేల తవ్వి వైర్లు వేయాలి. వైరే లేకపోతే? ఆ పని నెదర్లాండ్స్‌లోని వాళ్ల ఇంజనీర్ల మీద పడింది. అక్కడి విక్ హేస్‌కి ఒక సంగతి తట్టింది: ప్రతి కంపెనీ తన భాష తాను మాట్లాడితే ఈ సరుకు ఎక్కడా అమ్ముడుపోదు. 1990లో మొదలైన ప్రమాణాల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. పోటీ కంపెనీలన్నీ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒప్పుకోవడానికి ఏడేళ్లు పట్టింది. 1997లో బయటికొచ్చిన 802.11 ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లే. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఏ చిప్పూ కాదు, ఆ ఏడేళ్ల ఓపిక.

అయితే దీని ముత్తాత హవాయిలో పుట్టాడు. దీవికీ దీవికీ మధ్య సముద్రం. టెలిఫోన్ లైన్ల మీద కంప్యూటర్ని వాడటం ఖరీదైన వ్యవహారం. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో రేడియోతో ‘అలోహానెట్’ నడిపింది. అందరికీ ఒకే గాలి, పెత్తనం చేసే పెద్దమనిషి లేడు. మాట్లాడాలనుకున్నవాడు మాట్లాడేయడమే. పంక్తిలో ఇద్దరు ఒకేసారి ‘సాంబారు’, ‘పెరుగు’ అని అరిస్తే వడ్డించేవాడికి ఏదీ వినపడదు. ఇద్దరూ ఆగి, ఒకరు కాస్త ముందు, ఒకరు కాస్త వెనక మళ్లీ అడుగుతారు. అలోహా కిటుకు అంతే: మాట చేరలేదని తెలిస్తే, ఎంతసేపన్నది పాచిక వేసినట్టు నిర్ణయించుకుని, ఆగి మళ్లీ పంపడం. ఈ పద్ధతిలో గాలి సామర్థ్యంలో 18 శాతానికి మించి దక్కదని లెక్క తేలింది. వైఫై దానికి ఒక మర్యాద కలిపింది: ముందు చెవి ఒగ్గి విని, నిశ్శబ్దంగా ఉంటేనే నోరు విప్పడం.

సాయంత్రం ఏడైతే అపార్ట్‌మెంట్లలో నెట్ మందగించడానికి ఈ మర్యాద కూడా ఒక కారణం. ఎవరో మీ పాస్‌వర్డ్ కొట్టేశారని అనుమానపడే ముందు, మీ ఫోనుకి ఎన్ని వైఫైల పేర్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. పాతికిల్లూ ఒకే గాలిలో వంతుల కోసం ఆగుతున్నాయి. 2.4లో ఒకదానికొకటి తగలని చానళ్లు మూడే: 1, 6, 11. రూటర్ సెట్టింగుల్లో పక్కవాళ్లు తక్కువగా ఉన్న చానల్‌కి మారితే తేడా తెలుస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే ఇంకా తెలుస్తుంది. అక్కడ జాగా ఎక్కువ, ఓవెన్లు లేవు. కానీ అది గోడ దాటేసరికి నీరసించిపోతుంది.

గోడలు మరో బాధ కూడా పెడతాయి, ప్రతిధ్వని. బీరువా మీద, అద్దం మీద, స్లాబులోని ఇనుము మీద పడి వెనక్కి తిరిగిన తరంగాలు అసలు తరంగం వెనకాలే చేరి కలగాపులగం చేస్తాయి. కల్యాణ మండపంలో మైకు పట్టుకుని గబగబా మాట్లాడేవాడి మాట ముద్దయిపోతుంది, నిదానంగా పలికేవాడిది తెలుస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో జాన్ ఓ సల్లివాన్ బృందం ఇదే చేసింది: వేగంగా వెళ్లాల్సిన సమాచారాన్ని ఎన్నో నిదానమైన పాయలుగా చీల్చి, పక్కపక్కన పంపి, చివర్లో కలిపింది. ఓ సల్లివాన్ అంతకు ముందు, పేలిపోయే చిన్న కృష్ణబిలాల రేడియో సంకేతాల కోసం వెతికిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. అవి దొరకలేదు. ఆ వెతుకులాటలో అబ్బిన గణితం ఇక్కడ పనికొచ్చింది. 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. కోర్టుల్లో రాజీలు కుదిరి 40 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా ముట్టాయి. వైఫైని కనిపెట్టింది తామేనని ఆస్ట్రేలియన్లు మురిసిపోవడం మాత్రం కాస్త అతిశయమే. పాయలుగా చీల్చే ఆలోచన అంతకు ముందూ ఉంది.

1999లో ఈ 802.11కి నామకరణం జరిగింది. ఒక బ్రాండింగ్ సంస్థ పెట్టిన ‘వైఫై’ అనే పేరు దేనికీ పొట్టి రూపం కాదు. అదే ఏడు స్టీవ్ జాబ్స్ న్యూయార్క్ వేదిక మీద ఐబుక్‌ని ఒక పెద్ద రింగులోంచి దాటించి చూపించాడు, మన గారడీవాడిలా, వైరు లేదు చూడండని. అక్కణ్ణుంచి రూటర్ పెట్టె ఇళ్లలోకి వచ్చింది.

ఇంట్లో దీని అసలు ఉద్యోగం అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది. బయటి ప్రపంచానికి మీ ఇల్లంతా ఒకే చిరునామా. లోపల ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లకు 192.168తో మొదలయ్యే ఇంటి నంబర్లు. ఏ ఉత్తరం ఎవరు పంపారో, జవాబు ఏ గుమ్మంలో వేయాలో పుస్తకంలో రాసుకుంటాడు. చిరునామాలు సుమారు 430 కోట్లే ఉండటంతో 1994లో బయటపెట్టిన ఉపాయమిది. చౌక పెట్టెల్లో ఆ పుస్తకం నిండిపోతుంది, ప్రోగ్రాములో లోపముంటే పేజీలు చిందరవందరవుతాయి. ఆపి వేస్తే కొత్త పుస్తకం. నెట్ కుర్రాడి మంత్రం ఉత్త మాట కాదన్నమాట. బాక్సు మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్రలైటు వెలుగుతుంటే మాత్రం నూరుసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఫైబర్ లోంచి వెలుగే రావట్లేదు, వీధిలో ఎక్కడో తీగ తెగి ఉంటుంది.

పిన్ని ఇంట్లో బాక్సు టీవీ వెనకాల, గోడకీ ఇనుప స్టాండుకీ మధ్య దాక్కుని ఉంది. అందంగా లేదని అక్కడ పెట్టిందట. దాన్ని హాల్లో ఛాతీ ఎత్తున తగిలించాను. యాంటెన్నాలు నిలువుగా పెట్టాను. నిలువు యాంటెన్నా సంకేతాన్ని గారెలా చుట్టూ పరుస్తుంది, నెత్తి మీదకి, కాళ్ల కిందకి తక్కువ. సెట్టింగుల్లోకి వెళ్తే లోపలి పాస్‌వర్డ్ ఇంకా ‘అడ్మిన్’ అనే ఉంది, మార్చాను. ల్యాప్‌టాప్‌ని 5కి కలిపితే ఓవెన్ తిరుగుతున్నా వీడియో ఆగలేదు.

కానీ పిన్ని మాట్లాడేది తన పాత ఫోన్‌లోనే, దానికి 5 రాదు. ఇప్పుడు కొడుకు ఫోన్ చేస్తే పాలు స్టవ్ మీద పెడుతోంది. వాడు ఆగట్లేదు. పాలు పొంగుతున్నాయి.