ఆక్సోలోటల్‌కు గులకరాళ్ళతో గండం

పిల్లలూ! కోఠిలో ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలను మీరెప్పుడైనా తిరగేశారా? ఈసారి జంతుశాస్త్రం పుస్తకం చేతికి వస్తే ఉభయచరాల పాఠం తీయండి. మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, నాలుగు పొట్టి కాళ్ళు, పొడవైన తోక ఉన్న జీవి బొమ్మ కనిపించవచ్చు. అదే ఆక్సోలోటల్.

ఇది మన కప్పకు దూరపు చుట్టం. తోకకప్ప పెరిగి మొప్పలు పోగొట్టుకుని గట్టెక్కుతుంది. ఆక్సోలోటల్ మాత్రం గుడ్లు పెట్టే వయసు వచ్చినా మొప్పలతో నీటిలోనే ఉండిపోతుంది. దీని సొంత ఊరు మెక్సికో నగరంలోని సొచిమిల్కో కాలువలు. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉండేవి. 2014 నాటికి దాదాపు 36 మాత్రమే మిగిలాయి! నేడు ఎక్కువ ఆక్సోలోటళ్ళు ప్రయోగశాలల్లో, ఇళ్ళలోని గాజుతొట్లలో బతుకుతున్నాయి.

గాజుతొట్టి అనగానే అడుగున పరచిన రంగురాళ్ళు గుర్తుకు వస్తాయి కదూ! ఆ రాళ్ళే దీని ప్రాణానికి ముప్పు. ఎందుచేత?

ఒక చిన్న ప్రయోగం చేయండి. బకెట్టు నీటిలో నానిన శనగలు, అంతే పరిమాణం గల గులకరాళ్ళు వేయండి. మెత్తని ఖాళీ ప్లాస్టిక్ సీసాను నొక్కిపట్టి, దాని మూతిని నీటి అడుగున శనగల దగ్గర ఉంచి, చటుక్కున వదలండి. నీరు సీసాలోకి దూసుకుపోతుంది. దానితోపాటు శనగలూ, రాళ్ళూ వెళతాయి.

ఆక్సోలోటల్ నోరు పనిచేసేది అచ్చంగా ఇలాగే. దాని చూపు అంతంతమాత్రం. వాసననుబట్టి, నీటి కదలికనుబట్టి ఆహారాన్ని పసిగట్టి, రెప్పపాటులో నోరు తెరుస్తుంది. వానపాముతోపాటు పక్కనున్న రాయి కూడా లోపలికి పోతుంది. బంగారు చేప అయితే రాయిని నోట్లోనే వేరుచేసి ఉమ్మేస్తుంది. ఆక్సోలోటల్‌కు ఆ నేర్పు తక్కువ. దాని చిన్న పళ్ళు పట్టుకోవడానికే గాని నమలడానికి కావు.

మింగిన రాయి ఒక్కొక్కసారి మలంతో బయటపడుతుంది. పేగులో ఇరుక్కుంటేనే ప్రమాదం. జంతువు తిండి మానేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, మలవిసర్జన ఆగిపోతుంది. పశువైద్యునికి చూపించకపోతే చచ్చిపోవచ్చు కూడా.

ఇంకొక చిక్కు ఉంది. రాళ్ళ సందుల్లో మిగిలిన తిండి, మలం చేరి కుళ్ళుతాయి. అప్పుడు పుట్టే అమ్మోనియా మొప్పలకు విషం.

మరి తొట్టి అడుగున ఏమి పరచాలి? ఏమీ పరచకపోయినా ఫరవాలేదు. శుభ్రం చేయడం సులువు. గాజు మీద కాళ్ళు జారుతుంటే, పెద్దవాటికి బాగా కడిగిన సన్నని ఇసుక వేయవచ్చు. అది నోట్లోకి పోయినా సాధారణంగా మలంతో బయటికి వచ్చేస్తుంది. అందానికి రాయి కావాలంటే దాని తలకంటె పెద్దదీ, నున్ననిదీ ఉంచాలి.

తొట్టి అందం చూసే మనకోసం. దాని అడుగు మాత్రం అందులో బతికే ప్రాణికోసం. రాయి వేసేముందు దాని నోటిని కొలవడం మరచిపోకండి!